రెంబ్రాంట్ గీసిన షాజహాన్: చూసి గీస్తే అది కాపీయేనా?

మీ ప్రశ్నలో నాలుగు ముక్కలున్నాయి. పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ గీసిన షాజహాన్ బొమ్మ ఎక్కడో చూశారు. ఆయన ఇండియాకి వచ్చాడా, రాకపోతే మొఘల్ దర్బారు మనుషులు ఆయనకు ఎలా తెలిశారు, అంత పేరున్నవాడు ఇంకొకరి చిత్రం చూసి గీస్తే అది కాపీ కొట్టడం కాదా అని అడిగారు. చివర్లో, డ్రాయింగ్ నేర్చుకుంటున్న మీ అమ్మాయిని "చూసి గీయకూడదు" అని టీచర్ అంటున్నారనీ, అది నిజమేనా అనీ అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. రెంబ్రాంట్ ఇండియాకి రాలేదు. ఆ మాటకొస్తే నెదర్లాండ్స్ దాటి వెళ్లిన దాఖలా కూడా లేదు. ఆమ్‌స్టర్‌డామ్ చేరిన మొఘల్ మినియేచర్లను (చేతిలో పట్టేంత చిన్న రంగుల చిత్రాలను) ఎదురుగా పెట్టుకుని, సుమారుగా 1656–1661 మధ్య గీశాడు. అలా గీసినవాటిలో 23 బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. అవి చూసి గీసినవే, అందులో సందేహం లేదు. అయితే ఆయన దేన్ని ఉన్నదున్నట్టు దించుకున్నాడు, దేన్ని వదిలేశాడు, తన దగ్గర్నుంచి ఏం కలిపాడు అని ఒక్కొక్కటే పట్టి చూడండి. యాభై ఏళ్ల వయసులో, అప్పటికే పెద్ద పేరున్న మనిషి, తనకు తెలియని ఒక పద్ధతి ముందు విద్యార్థిలా కూర్చోవడం కనబడుతుంది. మీ అమ్మాయిని నిస్సందేహంగా చూసి గీయనివ్వండి. ఎలా గీయాలో కింద చెబుతాను.

నేను హైదరాబాద్‌లో డ్రాయింగ్, ప్రింట్‌మేకింగ్ నేర్పుతాను. ఈ బొమ్మల్ని పిల్లల చేత, పెద్దల చేత గీయిస్తుంటాను. ఇక్కడ రాసేది చాలావరకు ఆ పనిలోంచి వచ్చిందే.

మినియేచర్లు అక్కడికి ఎలా చేరాయంటే, డచ్చివాళ్ల ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడల్లో. ఆ కంపెనీ పుట్టింది 1602లో. కొద్ది ఏళ్లలోనే మన మచిలీపట్నంలో, నిజాంపట్నంలో గిడ్డంగులు పెట్టారు. తర్వాత సూరత్, ఆగ్రాల్లో కూడా. ఆగ్రాలో ఉన్న కంపెనీ ఉద్యోగులకు దర్బారు కంటికి కనబడే దూరంలోనే ఉండేది. మిరియాలు, నీలిమందు, మన తీరంలోని కలంకారీ బట్టలు ఆ ఓడల్లో సరుకు. వాటితోపాటు ఉద్యోగులు తమ సొంతానికి కొన్న వింత వస్తువులు కూడా వెళ్లేవి. చిన్నగా, తేలిగ్గా, ఒక పుస్తకంలో పెట్టి తీసుకుపోగలిగే మినియేచర్ అందుకు బాగా అనువైనది. ఆమ్‌స్టర్‌డామ్‌లో డబ్బున్న ఇళ్లలో అలాంటివి దాచుకోవడం అప్పటి మోజు.

రెంబ్రాంట్‌కి ఆ మోజు మరీ ఎక్కువ. గవ్వలు, ఆయుధాలు, రోమన్ తలల విగ్రహాలు, ఇటలీ అచ్చుబొమ్మలు, తూర్పు దేశాల పెట్టెలు, గిన్నెలు, ఏది కనబడితే అది కొనేవాడు. 1639లో 13,000 గిల్డర్లకు (అప్పటి డచ్చి నాణేలు) ఇల్లు కొన్నాడు, ఆ బాకీ తీరలేదు. 1656లో దివాలా తీశాడు. అప్పుడు అధికారులు ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునూ పట్టిక రాసుకున్నారు. అందులో వింతైన మినియేచర్ బొమ్మలున్న ఒక ఆల్బమ్ ప్రస్తావన ఉంది. పట్టికలో మొఘల్ అన్న మాట లేదు. కానీ ఆ ఆల్బమ్‌లో రకరకాల దేశాల వేషధారణల అచ్చుబొమ్మలు కూడా ఉన్నాయని రాశారు కాబట్టి, అవి ఇండియా చిత్రాలే అయ్యుంటాయని చాలామంది పండితులు అనుకుంటారు. సరుకంతా వేలంలో పోయిన తర్వాత కూడా ఆయన గీస్తూనే ఉన్నాడంటే, కొన్నింటినైనా తెలిసినవాళ్ల దగ్గర చూసి గీసి ఉండాలి.

1747లో లండన్‌లో జోనాథన్ రిచర్డ్‌సన్ అనే చిత్రకారుడి సేకరణను వేలం వేసినప్పుడు, రెంబ్రాంట్ గీసిన ఇండియన్ బొమ్మల పుస్తకం, 25 బొమ్మలు అని జాబితాలో పెట్టారు. అంటే అప్పటిదాకా అవన్నీ ఒకే చోట ఉన్నాయి. తర్వాత చెదిరిపోయాయి. ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో కొన్ని, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో, పారిస్‌లో, అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో, లాస్ ఏంజెలెస్ గెట్టీలో ఉన్నాయి. 2018లో గెట్టీ మ్యూజియం వీటిలో ఎక్కువ భాగాన్ని ఒక్కచోట చేర్చి, పక్కనే మొఘల్ చిత్రాలు పెట్టి ప్రదర్శించింది. మీరు ఆన్‌లైన్‌లో చూసిన బొమ్మ బహుశా ఆ సందర్భంలో బయటికి వచ్చిందే.

ఇక అసలు విషయానికొద్దాం. ఆయన ఏ కాగితం మీద గీశాడో ముందు చూడండి. మామూలుగా రెంబ్రాంట్ డ్రాయింగులు యూరప్ కాగితం మీద ఉంటాయి, దాని మీద కొంచెం గరుకు. ఈ మొఘల్ బొమ్మలు మాత్రం తూర్పు దేశాల కాగితం మీద, ముఖ్యంగా జపాన్ కాగితం మీద ఉన్నాయి. ఆ రోజుల్లో జపాన్‌తో వ్యాపారానికి అనుమతి ఉన్న ఏకైక యూరప్ దేశం డచ్చివాళ్లదే, 1641 నుంచి నాగసాకి దగ్గర దెషిమా అనే చిన్న దీవిలో. అక్కణ్నుంచి వచ్చే కాగితం ఖరీదైనది. దివాలా తీసిన మనిషి, చేతి సాధనకి పనికొచ్చే బొమ్మలకి ఆ కాగితం వాడాడంటే వాటిని ఆషామాషీగా తీసుకోలేదన్నమాట.

ఆ కాగితం ఎందుకో చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది. మన దగ్గర దొరికే కార్ట్రిడ్జ్ కాగితం మీద సన్నటి నిబ్‌తో గీయండి. పీచులో నిబ్ తట్టుకుంటుంది, సిరా అంచుల్లో కొంచెం పాకుతుంది. జపాన్ కాగితం నున్నగా, లేత పసుపు ఛాయలో ఉంటుంది. గీత వెంట్రుకంత సన్నగా వస్తుంది, సిరా పైన నిలబడుతుంది. మొఘల్ చిత్రకారులు వాడిన వస్లీ కూడా అలాంటి నునుపు కోసమే తయారైంది. అనేక పొరల కాగితాన్ని జిగురుతో అతికించి, అకీకు రాయితో రుద్ది మెరుగు పెడతారు. రెంబ్రాంట్‌కి వస్లీ దొరకలేదు. దానికి దగ్గరగా ఉండేది ఏదో వెతుక్కున్నాడు. ఈ ఒక్క విషయంతోనే ఆయన ఎంత శ్రద్ధగా చూశాడో నాకు అర్థమైపోతుంది.

ఇప్పుడు గీత. రెంబ్రాంట్ డ్రాయింగులు పరిచయం ఉన్నవాళ్లకి ఆయన చేతి వేగం తెలుసు. ఆ వయసుకి ఎక్కువగా రెల్లు కలం వాడేవాడు. ముతక గీత, నాలుగు విసుర్లలో మనిషి. ముక్కూ కళ్లూ లెక్కగా ఉండవు, కానీ మనిషి బరువు, వంగిన నడుము, అలసట అన్నీ ఉంటాయి. ఈ మొఘల్ బొమ్మల్లో అదే చేయి నెమ్మదించింది. జామా (పొడవాటి అంగీ) అంచు, నడికట్టు కొసల కుచ్చు, పాగా చుట్టు, పాదరక్షల కొన, బాకు పిడి, వీటి మీదుగా గీత జాగ్రత్తగా నడుస్తుంది. ముఖం పూర్తిగా పక్కనుంచి, అచ్చం మినియేచర్‌లో ఉన్నట్టే. రెంబ్రాంట్ సొంత చిత్రాల్లో ముఖాలు ఎక్కువగా మనవైపు తిరిగి ఉంటాయి. అయినా ఇక్కడ షాజహాన్‌ని మనవైపు తిప్పే ప్రయత్నం చేయలేదు.

దీని విలువ తెలియాలంటే ఆయన వేరే కాపీలు చూడాలి. 1639లో ఆమ్‌స్టర్‌డామ్ వేలంలో ఇటలీ చిత్రకారుడు రాఫెల్ వేసిన కాస్టిలియోనే అనే ఆయన ముఖచిత్రం 3,500 గిల్డర్లకు అమ్ముడుపోయింది. రెంబ్రాంట్ అక్కడే ఉండి ఒక స్కెచ్ గీసుకున్నాడు, పక్కన ధర కూడా రాసుకున్నాడు. ఆ స్కెచ్ చూడండి: టోపీ వాలు మారిపోయింది, రాఫెల్ పెట్టిన నిశ్చలత్వం పోయింది, గీతలు పరిగెత్తుతున్నాయి. అంతకు కొన్నేళ్ల ముందు లియొనార్డో "చివరి విందు"ని ఒక అచ్చుబొమ్మ చూసి ఎర్ర సుద్దతో దించుకున్నాడు. మొదట మెల్లగా గీసి, ఆ తర్వాత దాని మీదే గట్టి గీతలతో మనుషుల్ని తనకు నచ్చినట్టు సరిదిద్దాడు. రాఫెల్, లియొనార్డోల విషయంలో అంత చొరవ తీసుకున్నవాడు, పేరు కూడా తెలియని మొఘల్ చిత్రకారుల గీత ముందు చొరవ తగ్గించుకున్నాడు. నా విద్యార్థులకి నేను మొదట చూపించేది ఈ మూడు బొమ్మలనే, పక్కపక్కన పెట్టి.

ఇక్కడ ఒక మాట కలపాలి. ఆయన జాగ్రత్తగా అనుసరించింది మొఘల్ వాళ్లను మాత్రమే అనుకోవద్దు. ఇటలీ చిత్రకారుడు మాంటెన్యా గీసిన ఒక బొమ్మను కూడా చాలా నిష్ఠగా దించుకున్నాడు. కానీ అది ఒక్క బొమ్మ. ఒకే సంప్రదాయాన్ని పట్టుకుని ఇరవైకి పైగా బొమ్మలు గీయడం వేరే సంగతి.

మరి ఏం వదిలేశాడు? రంగు. మినియేచర్ అంటేనే రంగు. వెనక ఏమీ కనబడనివ్వని మందపాటి రంగు, బంగారు పూత, ఉడుత వెంట్రుకల కుంచెతో ఒక్కొక్క ముత్యాన్నీ దిద్దడం. రెంబ్రాంట్ వాటి జోలికి పోలేదు. గోధుమ రంగు సిరా, దాన్నే నీళ్లతో పలచన చేసి వేసిన పూత, అక్కడక్కడ ఎర్ర సుద్ద, పసుపు తాకించడం, కొన్నిచోట్ల కాగితం గీరి వెలుగు రప్పించడం, అంతే. చుట్టూ పూల అంచు, వెనక తోట, ఆకాశం కూడా చాలా బొమ్మల్లో లేవు.

కలిపింది నీడ, గాలి, బరువు. మొఘల్ చిత్రంలో రాజు నేల మీద నీడ పడకుండా నిలబడతాడు. అది లోపం అనుకోకండి. చక్రవర్తిని ఏ గంటలోనో, ఏ వెలుతురులోనో ఇరికించకుండా, కాలానికి అతీతంగా నిలబెట్టే పద్ధతి అది. రెంబ్రాంట్ చేతిలో అదే మనిషి కాళ్ల దగ్గర కొంచెం పూత పడుతుంది, జామా మడతల్లో వెలుగూ చీకటీ వస్తాయి. వెంటనే ఆయన ఒక గదిలో, ఒక మధ్యాహ్నం, నిజంగా నిలబడినట్టు ఉంటుంది. గెట్టీలో ఉన్న షాజహాన్, దారా షికో బొమ్మలో దర్బారు మర్యాద పూర్తిగా ఉంది. దాంతోపాటు తండ్రీకొడుకులు ఒకరికొకరు ఎదురుపడిన సంగతి కూడా ఉంది. రెంటిలో ఏదీ రెండోదాన్ని చెరపలేదు. నాకు ఈ వరసలో అన్నింటికన్నా ఇష్టమైన బొమ్మ అది.

ఆ తేదీలు గుర్తుంచుకుని చూస్తే ఇంకా బరువుగా ఉంటుంది. 1657లో షాజహాన్ జబ్బు పడ్డాడు, కొడుకుల మధ్య యుద్ధం మొదలైంది. 1658 నుంచి ఆయన ఆగ్రా కోటలో ఔరంగజేబు బందీ. 1659లో దారా షికోని చంపించారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రెంబ్రాంట్ ఈ తండ్రీకొడుకుల్ని గీస్తున్న ఆ కాస్త కాలంలోనే ఇదంతా జరిగింది. ఆయన ముందున్న మినియేచర్లలో మాత్రం ఇద్దరూ ఆభరణాలతో, ప్రశాంతంగా ఉన్నారు.

ఇప్పుడు మీ "కాపీయేనా" ప్రశ్నకి బాగా పనికొచ్చే ఉదాహరణ. బ్రిటిష్ మ్యూజియంలో ఒక బొమ్మ ఉంది, చెట్టు కింద కూర్చున్న నలుగురు షేక్‌లు. సుమారు 19 సెంటీమీటర్ల ఎత్తు, 12 వెడల్పు. గడ్డాలున్న నలుగురు పెద్దవాళ్లు, నేల మీద పరుపు, కూర్చున్న తీరులోనే తెలిసిపోయే నిదానం. దీనికి ఆధారమైన మినియేచర్ వియన్నా షోన్‌బ్రున్ రాజభవనంలో ఉందని గుర్తించారు. రాణి మరియా థెరెసా కాలంలో, 1760ల్లో, ఒక గది గోడలకు రోజ్‌వుడ్ పలకలు తాపి, ఇండియా మినియేచర్లను కత్తిరించి, అతికించి, బంగారు చట్రాల్లో బిగించారు. దాన్ని మిలియన్ల గది అంటారు. ఆల్బమ్ పేజీల్ని అలా ముక్కలు చేశారన్నది తలుచుకుంటే బాధగానే ఉంటుంది. అయినా ఆ చిత్రాలు అక్కడ మిగిలాయి కాబట్టే మనం రెంటినీ పోల్చగలుగుతున్నాం.

ఆ షేక్‌ల బొమ్మను మనసులో పెట్టుకుని రెంబ్రాంట్ 1656లో చేసిన ఎచింగ్ (రాగి రేకు మీద గీసి అచ్చు తీసే బొమ్మ) చూడండి. "అబ్రహాము దేవదూతలకు ఆతిథ్యమివ్వడం". బైబిలు ఆదికాండంలో కథ ఇది. ఎండవేళ అబ్రహాము గుడారం దగ్గరికి ముగ్గురు అపరిచితులు వస్తారు, ఆయన చెట్టు కింద కూర్చోబెట్టి భోజనం పెడతాడు, వాళ్లు మామూలు మనుషులు కారు. యూరప్ చిత్రకారులు చాలామంది ఈ దృశ్యంలో అతిథుల్ని బల్ల ముందు కూర్చోబెట్టారు. రెంబ్రాంట్ ఎచింగ్‌లో వాళ్లు నేల మీద, పరుపు మీద, పళ్లెం చుట్టూ గుంపుగా కూర్చున్నారు. మధ్యలో తెల్లటి పొడవు గడ్డంతో ఉన్న పెద్దాయన చేతిలో గిన్నె. అబ్రహాము కూజా పట్టుకుని ఒక మూల, అతిథుల కన్నా వినయంగా. తలుపు వెనక ఆయన భార్య శారా చెవి ఒగ్గి నిలబడింది. వెనక గోడ దగ్గర అబ్రహాము కొడుకు, చిన్న పిల్లవాడు ఇష్మాయేలు అటు తిరిగి బాణం వేసుకుంటున్నాడు.

ఆ కూర్చున్న తీరు చెట్టు కింది షేక్‌లదే. నేల మీద కూర్చుని, పెద్దవాళ్లకు వడ్డిస్తూ, ఇంటాయన పక్కన ఒదిగి నిలబడటం మన ఇళ్లలో మొన్నమొన్నటి దాకా చూసిందే కాబట్టి మనకి వింతగా ఉండదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అది తెలియదు. పాత నిబంధన మనుషులు ఎలా కూర్చునేవారు, ఎలా తినేవారు, ఏం కట్టుకునేవారు అన్న ప్రశ్న రెంబ్రాంట్‌ని జీవితమంతా వెంటాడింది. తూర్పు దేశాల చిత్రాల్లో దానికి జవాబు ఉందని నమ్మాడు. మొఘల్ ఢిల్లీకీ అబ్రహాము కాలానికీ చరిత్రలో సంబంధం లేదు, అది ఆయన ఊహ. కానీ ఆ ఊహ వల్ల ఆతిథ్యం అన్న విషయం బొమ్మలోకి నిజంగా వచ్చింది. చూసి గీసినది సొంతం కావడం అంటే నేను చూపించే ఉదాహరణ ఇదే: కాపీ ఒక కాగితం మీద ఆగిపోలేదు, ఇంకో కథలోకి నడిచింది.

ప్రింట్‌మేకర్‌గా ఒక్క చిన్న విషయం. ఆ ఎచింగ్ సుమారు 16 బై 13 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు ఒక మినియేచర్ పేజీ అంతే. రాగి రేకు మీద మైనం పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచే పద్ధతిలో అంత చిన్న చోట ఆరుగుర్ని పెట్టి ఎవరూ ఇరుకున పడకుండా చూడటం కష్టం. మొఘల్ చిత్రకారుడు చిన్న కాగితంలో మనుషుల్ని కింద నుంచి పైకి వరసగా పేర్చే తెలివి అక్కడ అక్కరకొచ్చిందని నా అభిప్రాయం.

ఇంతా చెప్పాక కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. సోషల్ మీడియాలో "రెంబ్రాంట్ మన దగ్గరే నేర్చుకున్నాడు" అని రాసేవాళ్లున్నారు. అంత దూరం వెళ్లకండి. ఆయన నూనెరంగుల చిత్రాల్లో మొఘల్ పద్ధతి కనబడదు. ఆ గట్టి రంగు, చదునైన స్థలం ఆయన తీసుకోలేదు. ప్రభావం ఈ డ్రాయింగుల్లో, ఆ ఎచింగ్‌లో స్పష్టంగా ఉంది. ఇంకెక్కడో ఉందనాలంటే రుజువు కావాలి. అలాగే "తూర్పు వింతల మీద యూరప్ మోజు, అంతకుమించి ఏమీ లేదు" అని కొట్టిపారేసేవాళ్లతో కూడా నేను ఏకీభవించను. వింత కోసం గీసేవాడు తలపాగానూ కత్తినీ పెద్దవి చేసి చూపిస్తాడు. అదే కాలంలో విలెమ్ షెల్లింక్స్ అనే డచ్చి చిత్రకారుడు, ఆయన కూడా ఇండియా రాలేదు, షాజహాన్‌నూ ఆయన కొడుకుల్నీ పెట్టి ఊహాచిత్రాలు వేశాడు. మనుషులు, జంతువుల శరీరాలతో కూర్చిన ఏనుగులు, గుర్రాల మీద రాకుమారుల ఊరేగింపు లాంటివి. అవి సరదాగా ఉంటాయి, నాకు ఇష్టమే. కానీ రెంబ్రాంట్ షాజహాన్ ముందు నిలబడ్డాక, వీళ్లిద్దరూ చూసింది వేరువేరు విషయాల్ని అని తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే జరగలేదు. 1580లో జెస్యూట్ అనే క్రైస్తవ సంఘం మతగురువులు ఫతేపూర్ సిక్రీకి వచ్చి అక్బరుకి ఆంట్‌వెర్ప్‌లో అచ్చయిన బహుభాషా బైబిలు బహుమతిగా ఇచ్చారు. అందులోని బొమ్మల్ని, ఇతర యూరప్ అచ్చుబొమ్మల్ని దర్బారు చిత్రకారులు చూసి గీశారు. అబుల్ హసన్ 1600లో, పదమూడో ఏట, జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ చెక్కిన బొమ్మలోంచి సెయింట్ జాన్‌ను దించుకున్నాడు. ఆ కాగితం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. అదే కుర్రవాడు పెద్దయ్యాక జహంగీర్ దర్బారులో అగ్రగణ్యుడయ్యాడు. మొఘల్ చక్రవర్తుల తల వెనక కనబడే వెలుగు వలయం కూడా యూరప్ చిత్రాలు చూశాకే అంతగా స్థిరపడింది. అసలు మొఘల్ కార్ఖానాల్లో పనే చూసి గీయడంతో మొదలయ్యేది. పలుచటి చర్మం మీద పాత బొమ్మను దించుకుని, దాన్ని కొత్త కాగితం మీదికి ఎక్కించేవారు. ఒకే భంగిమ తరాల తరబడి చేతులు మారేది. అయినా ఏ ముఖం ఎవరు గీశారో, ఏ కనుబొమ్మ ఎవరిదో తాను చెప్పగలనని జహంగీర్ రాసుకున్నాడు. అందరూ చూసి గీసినా చేయి తెలిసిపోతుందన్నమాట.

మన వైపు ముక్క కూడా ఒకటి ఉంది కాబట్టి చెబుతాను. రెంబ్రాంట్ గీసినవన్నీ ఉత్తరాది మొఘలులే కాదు. బీజాపూర్ సుల్తాను ముహమ్మద్ ఆదిల్ షాగా గుర్తించిన ముఖం ఒకటి వాటిలో ఉంది. దక్కన్ చిత్రాలు కూడా డచ్చివాళ్ల చేతికి చేరుతున్నాయనడానికి అది గుర్తు. ఆ తర్వాత తరంలో ఇది ఇంకా పెరిగింది. గోల్కొండలో రాజుల, ప్రముఖుల ముఖచిత్రాలను వరసగా వేసి ఆల్బమ్‌లుగా అమ్మేవారు, కొనేవాళ్లలో డచ్చివాళ్లు ముఖ్యులు. ఆమ్‌స్టర్‌డామ్ మేయరు నికొలాస్ విట్సెన్ దగ్గరికి చేరిన అలాంటి ఆల్బమ్ ఒకటి రైక్స్‌మ్యూజియంలో ఉంది. గోల్కొండ 1687లో పడిపోకముందే తయారైనది. కాబట్టి ఈ కథ ఆగ్రా–ఆమ్‌స్టర్‌డామ్‌ల మధ్యే నడిచిందనుకోకండి.

ఇప్పుడు మీ అమ్మాయి సంగతి. టీచర్ ఆ మాట ఎందుకన్నారో నాకు అర్థమవుతుంది. ఈ రోజుల్లో పిల్లలు ఫోన్లో బొమ్మ తెరిచి, గళ్లు గీసి, గడికి గడి దించేస్తారు. బొమ్మ అచ్చం వస్తుంది, కానీ ఏమీ నేర్చుకోరు. ఆ అలవాటు మాన్పించాల్సిందే. దానికి మందు చూసి గీయడం మానేయడం కాదు. సంగీతం నేర్చుకునే పిల్ల గురువు పాడిన కీర్తనే పాడుతుంది, దాన్ని ఎవరూ దొంగతనం అనరు. గీతకి కూడా అదే న్యాయం వర్తించాలి.

నేను చేయించే పద్ధతి ఇది. వీలైతే అసలు బొమ్మ దగ్గరికి వెళ్లాలి. మీరు హైదరాబాద్‌లోనో దగ్గరలోనో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో మొఘల్, దక్కనీ మినియేచర్లు ఉన్నాయి. జగదీష్ అండ్ కమలా మిట్టల్ మ్యూజియంలో కూడా మంచివి ఉన్నాయి, వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఫోన్ తెరలో మినియేచర్ ఎంత పెద్దదో తెలియదు. అరచేతి అంత బొమ్మలో కంటి రెప్ప గీత చూసినప్పుడే పిల్లలకి ఆ పని ఏమిటో తెలుస్తుంది. గీయకముందు కాసేపు ఊరికే చూడమనండి. పాగా ఎటు చుట్టారు, జామా ముడి ఏ చంక కింద ఉంది, పాదాలు ఎటు తిరిగాయి అని నోటితో చెప్పించండి. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ముఖం మీద గంటసేపు కష్టపడి చేతుల్ని రెండు నిమిషాల్లో ముగిస్తారు. మినియేచర్లో పువ్వు పట్టుకున్న చేయి ముఖంతో సమానంగా మాట్లాడుతుంది. చెప్పించడం మొదలుపెట్టాక ఆ తొందర తగ్గుతుంది.

తర్వాత పెన్సిలు, రబ్బరు పక్కన పెట్టించి, నిబ్, గోధుమ సిరాతో గీయించండి. కాగితం నున్నటిది కొనండి. జపాన్ కాగితం ఖరీదు, దాని కోసం టెన్షన్ పడక్కర్లేదు. నేపాలీ చేతి కాగితంలో పలుచటి రకం, లేదా నున్నటి బ్రిస్టల్ షీటు చాలు. రెంబ్రాంట్ చేసినట్టే రంగు వదిలేయాలి. రంగు లేకపోతే ఏ గీత ముఖ్యమో పిల్లలే తేల్చుకోవాల్సి వస్తుంది, చూసి గీయడంలో అసలు చదువు అక్కడే ఉంది. మా దగ్గర ఒక కుర్రాడు జహంగీర్ బొమ్మలో నగలన్నీ ఓపిగ్గా దించి, చివరికి మనిషి ఎటు చూస్తున్నాడో మర్చిపోయాడు. నగలు లేకుండా అదే బొమ్మను ఇంకోసారి గీయమన్నాను. రెండోదే బాగా వచ్చిందని వాడే చెప్పాడు.

చివరగా, చూసి గీసిన బొమ్మ కింద ఎవరిది చూసి గీశారో రాయడం అలవాటు చేయండి. అమ్మాయి పేరు, తేదీ, "ఫలానా మ్యూజియంలోని ఫలానా చిత్రం చూసి" అని. పోటీకి పంపినా, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినా అది ఉండాలి. ఆ ఒక్క లైను ఉంటే ఎవరూ కాపీ అని వేలెత్తి చూపలేరు. కొన్నాళ్లకి ఆ కాగితాల్లోంచి ఒక కూర్చున్న తీరో, ఒక చేతి వంపో తీసుకుని తన సొంత బొమ్మలో పెట్టమనండి. వాళ్ల అమ్మమ్మ కూరగాయలు తరుగుతున్న బొమ్మలోనైనా సరే. అప్పుడు ఆ బొమ్మా, మూలమూ రెండూ టీచర్‌కి చూపించండి. అప్పటికీ వద్దంటే ఆ రెండు బొమ్మల ఫొటోలు ఇక్కడే పెట్టండి, నేను చూసి చెబుతాను.